దగ్గరి కన్ను, దూరపు కన్ను

జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి స్మృతికి అంకితమిస్తూ, సాగర్ రోడ్డు పొడవునా చదువుకుంటున్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని సిద్ధం చేసిన స్మారక ఉపన్యాస పాఠం

జస్టిస్ పుట్టస్వామి పేరు వినగానే చాలామందికి బెంగళూరే గుర్తొస్తుంది. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసింది అక్కడే, 2024 అక్టోబరు 28న 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది కూడా అక్కడే. కానీ రిటైరయ్యాక ఆయన హైదరాబాద్‌లోనూ పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు చైర్మన్‌గా, రాష్ట్ర బీసీ కమిషన్ చైర్మన్‌గా ఈ ఊరి ఫైళ్లు చూశారు, ఈ ఊరి అర్జీలు విన్నారు. ఇక విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, 86వ ఏట, 2012లో ఆధార్‌కు చట్టం దన్ను లేదంటూ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ కేసులోంచే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పు వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు అని దేశానికి తేలింది ఆ రోజే.

ఆ తొమ్మిది మందిలో ఒకరు కృష్ణా జిల్లాలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మరొకరు జస్టిస్ అబ్దుల్ నజీర్, ఆ తర్వాత 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు. అయితే గోప్యత విషయంలో తెలుగునేల చరిత్ర ఇంకా పాతది. 1983లో, పుట్టస్వామి తీర్పుకు 34 ఏళ్ల ముందు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఒక తీర్పు ఇచ్చారు. సినిమా నటి సరిత తనతో కాపురానికి రావాలని భర్త వేసిన కేసు అది. ఇష్టం లేని కాపురానికి భార్యను కోర్టు ఉత్తర్వుతో పంపించే హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ ఆమె గోప్యతనూ గౌరవాన్నీ హరిస్తోందని, అది రాజ్యాంగ విరుద్ధమని ఆయన కొట్టేశారు. మరుసటి ఏడాదే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. చట్టంగా నిలవకపోయినా ఆ తీర్పు ఒక గట్టి సంగతి చెప్పింది. మనిషి ఏకాంతంలోకి తొంగిచూసేది ప్రభుత్వమొక్కటే కాదని, ఆ చూపు ఇంట్లోంచి కూడా రావచ్చని.

ఈనాడు గోప్యత అనగానే చర్చంతా ఫేస్‌బుక్, గూగుల్, ఆధార్ చుట్టూ తిరుగుతోంది. అవన్నీ దూరపు కళ్లు. ఇంటివాళ్లు, చుట్టాలు, హాస్టల్ వార్డెన్, కాలనీ సంఘం, కులపోళ్ల వాట్సాప్ గ్రూపు, కాలేజీలో సీనియర్లు - ఇవి దగ్గరి కళ్లు. మాస్టొడాన్ లాంటి వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్కులు దూరపు కన్ను నుంచి మనిషిని బాగానే కాపాడతాయి. దగ్గరి కన్ను దగ్గరకు వచ్చేసరికి మాత్రం అవి ఇంకా బలహీనంగానే ఉన్నాయి, ఒక్కోసారి ఆ కన్నుకు మరింత వెలుగు ఇస్తున్నాయి కూడా. తెలుగువాళ్లు ఈ నెట్‌వర్కుల్లోకి వెళ్లేముందు తూకం వేసుకోవలసింది ఇక్కడే.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుంటే బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటి ఇబ్రహీంపట్నం దాకా ఒకటే వరస. కోచింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్లు, ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు, కొత్తగా లేచిన కాలనీలు. నల్గొండ నుంచి, పాలమూరు నుంచి వచ్చి నలుగురున్న గదిలో సర్దుకునే అమ్మాయికి సొంతమైనది ఫోను ఒక్కటే. ఆమె భయం కాలిఫోర్నియా కంపెనీ తన ఇష్టాయిష్టాలు లెక్కగడుతుందని కాదు. తను ఎవరితో మాట్లాడుతోందో, ఏ పరీక్ష ఫెయిలైందో, ఏ మీటింగుకు వెళ్లిందో ఊళ్లో నాన్నకు తెలిసిపోతుందేమోనని. క్లాసు వాట్సాప్ గ్రూపులో చేరగానే ఆమె ఫోన్ నంబరు వందమందికి చేరుతుంది, అర్ధరాత్రి ఏదో తెలియని నంబరు నుంచి "హాయ్" వస్తుంది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న పోలీసులు పెట్టిన షీ టీమ్స్‌కు వచ్చే ఫిర్యాదుల్లో ఫోను వేధింపులదీ పెద్ద వాటాయే.

ఇక వికేంద్రీకరణ అంటే ఏమిటో కాస్త విప్పుకోవాలి. ఫేస్‌బుక్‌లో వందల కోట్ల ఖాతాలున్నా యజమాని ఒక్కరే. మాస్టొడాన్‌కు అలాంటి యజమాని లేరు. జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా దింపుకుని సొంత సర్వర్ నడుపుకోవచ్చు. ఒక కాలేజీ, ఒక సంఘం, ఒక మనిషి, ఎవరైనా సరే. ఈ సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించింది. జీమెయిల్ వాడే మనిషి యాహూ వాడే మనిషికి ఈమెయిల్ పంపినట్టే ఒక సర్వర్‌లోని మనిషి మరో సర్వర్‌లోని మనిషిని అనుసరించవచ్చు. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ ఇలా ఇదే భాష మాట్లాడేవి చాలా ఉన్నాయి. అన్నిటినీ కలిపి ఫెడివర్స్ అంటారు. మన దేశంలో దీని పేరు గట్టిగా వినపడింది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేయడంతో కోపమొచ్చిన వాళ్లు వేలల్లో మాస్టొడాన్‌కు వెళ్లారు. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ ట్విట్టర్‌ను కొన్నాక ప్రపంచమంతటా మరో పెద్ద అల వచ్చింది.

దీని బలాలు చిన్నవి కావు. ఖాతా తెరవడానికి ఫోన్ నంబరు అక్కర్లేదు, ఒక ఈమెయిల్ చాలు. సాగర్ రోడ్డు హాస్టల్లోని అమ్మాయికి ఇది ఎంత పెద్ద మేలో వేరే చెప్పక్కర్లేదు. మాస్టొడాన్‌లో ప్రకటనలు లేవు కాబట్టి మనిషి వేలు ఏ ఫొటో మీద ఎంతసేపు ఆగిందో లెక్కకట్టి అమ్ముకోవలసిన అవసరమూ లేదు. కోడ్ అందరి ముందూ ఉంది, తెలిసినవాళ్లు విప్పి చూడొచ్చు. నచ్చని సర్వర్ నుంచి అనుచరులను వెంటబెట్టుకుని మరో సర్వర్‌కు మారిపోవచ్చు, పాత పోస్టులు మాత్రం వెంట రావు. అన్నిటికన్నా ముఖ్యం, దొంగ ఒక్క గోడ దూకితే ఊరంతా దొరికిపోదు. ఒకేచోట రాశిపోస్తే ఏమవుతుందో ఫేస్‌బుక్ చూపించింది. కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో ఒక క్విజ్ యాప్‌ను దింపుకున్న భారతీయులు 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా సమాచారం బయటికి పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ కంపెనీయే 2018లో చెప్పిన భారతీయుల సంఖ్య 5,62,120. 2021 ఏప్రిల్‌లో 53 కోట్ల మంది ఫేస్‌బుక్ ఖాతాదారుల ఫోన్ నంబర్లు ఉచితంగా బజారులో పడ్డాయి. వాళ్లలో భారతీయులు దాదాపు 60 లక్షల మంది.

ఇంత మేలున్నా ఈ కథలో తెలుగువాళ్లకు ఒక పాత పాఠం ఉంది. ఇది కొత్త ప్రయోగమని అనుకునేవాళ్లకు ఆ పాఠం చెప్పి తీరాలి, ఎందుకంటే తెలుగువాళ్లు ఇంటర్నెట్‌లో మొదట గుమిగూడింది ఇలాంటి వికేంద్రీకృత నెట్‌వర్కులోనే.

1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్ అనే ఏర్పాటుకు రూపం ఇచ్చారు. దానికి నడిబొడ్డు లేదు. ప్రతి యూనివర్సిటీకీ సొంత సర్వర్ ఉండేది. ఒకచోట రాసిన మాట పక్క సర్వర్‌కు, అక్కడి నుంచి ఆ పక్క సర్వర్‌కు కాపీలు కాపీలుగా ప్రపంచం చుట్టి వచ్చేది. 1990లలో అమెరికా చదువులకు వెళ్లిన తెలుగు విద్యార్థులు అందులో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే చావడి కట్టుకున్నారు. తెలుగు లిపి తెరమీద కనపడని రోజులవి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, చిన్న పెద్ద ఇంగ్లిషు అక్షరాల తేడాతో హ్రస్వదీర్ఘాలు పలికిస్తూ తెలుగు రాసుకున్నారు. సినిమాలు, పద్యాలు, రాజకీయాలు, ఇంటిమీద బెంగ, వాదాలు, తిట్లు, అన్నీ అక్కడే. చాలామంది అసలు పేరుతో రాశారు. పక్కనే యూనివర్సిటీ ఈమెయిల్ చిరునామా దానంతటదే పడేది.

వాళ్లంత ధీమాగా రాయడానికి ఒక కారణం ఉంది. ఆ రోజుల్లో డిస్కులో చోటు ఖరీదు. సర్వర్లు పాత పోస్టులను కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో చెరిపేసేవి. రాసిన మాట గాలికి పోతుందనే అందరి నమ్మకం. నెట్‌వర్కుకు యజమాని లేడు కాబట్టి కాపీ దాచేవాడూ ఉండడనుకున్నారు. 1995లో డెజాన్యూస్ అనే కంపెనీ వచ్చి ఆ ప్రవాహానికి అడ్డంగా ఒక పెద్ద డిస్కు పెట్టి అంతా దాచడం, వెతకడానికి వీలుగా పేర్చడం మొదలెట్టింది. ఎవరి తాళం పగలగొట్టలేదు. ప్రతి సర్వర్‌కూ వచ్చే కాపీయే దానికీ వచ్చింది, అంతే. దాచవద్దనుకునేవాళ్లు పోస్టు తలలో ఒక ప్రత్యేకమైన గుర్తు పెట్టవచ్చన్నారు, అప్పటికే రాసినవాళ్లకు ఆ సంగతి తెలిసే దారేది? 2001 ఫిబ్రవరిలో గూగుల్ ఆ భాండాగారాన్ని కొనేసింది. ఇతరులు దాచిన పాత కాపీలనూ కలుపుకుని అదే ఏడాది డిసెంబరుకల్లా 20 ఏళ్లకు చెందిన 70 కోట్ల పోస్టులను జనం ముందు పెట్టింది. 22 ఏళ్ల కుర్రాడు 1994లో ఆవేశంగా రాసిన నాలుగు మాటలు అతని పెళ్లిచూపుల నాటికి, ఉద్యోగ ఇంటర్వ్యూ నాటికి పేరు కొడితే దొరికే స్థితికి వచ్చాయి. గూగుల్ 2024 ఫిబ్రవరి 22న యూజ్‌నెట్ కొత్త పోస్టులు తీసుకోవడం మానేసింది. పాతవి మాత్రం ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి.

నేటి ఫెడివర్స్ నిర్మాణం లోలోపల ఇదే. ఒక పోస్టుకు అనుచరులు 40 సర్వర్లలో ఉంటే 40 కాపీలు పుడతాయి. రాసిన మనిషి "డిలీట్" నొక్కితే తన సర్వర్ మిగతా సర్వర్లకు చెరిపేయమని ఒక విన్నపం పంపుతుంది. అది విన్నపం మాత్రమే. ఆ వేళకు ఏదైనా సర్వర్ మూతపడి ఉన్నా, దాన్ని నడిపేవాడు సాఫ్ట్‌వేర్‌ను మార్చుకుని ఉన్నా కాపీ అలాగే ఉండిపోతుంది. బ్లూస్కై అనే మరో సోషల్ నెట్‌వర్కులో వ్యవహారం ఇంకా బాహాటం. అక్కడి పోస్టులన్నీ అందరికీ తెరిచిన ఒకే ధారగా పారుతుంటాయి. ఎవరు ఎవరిని బ్లాక్ చేశారో కూడా బయటికే కనిపిస్తుంది. వెంటపడేవాడిని బ్లాక్ చేసిన అమ్మాయి జాబితాను ఆ వెంటపడేవాడే చూడగలగడం చిన్న లోపమేమీ కాదు. 2024 నవంబరులో ఒకరు ఆ ధారలోంచి 10 లక్షల పోస్టులు పట్టి ఏఐ శిక్షణకు పనికొచ్చే మూటగా కట్టి, ఏఐ డేటా పంచుకునే హగ్గింగ్ ఫేస్ సైట్‌లో పెట్టారు. గోల రేగాక తీసేశారు.

బహిరంగంగా రాసిన మాటల సంగతి ఇలా ఉంటే, నలుగురిలో చెప్పుకోని మాటల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. మాస్టొడాన్‌లో "ప్రైవేట్ మెన్షన్" అని ఒక సదుపాయం ఉంది. పేరు చూసి వాట్సాప్ సందేశంలా భద్రమనుకుంటారు. ఆ సందేశానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళం లేదు. రాసినవారి సర్వర్ అడ్మిన్, అందుకున్నవారి సర్వర్ అడ్మిన్, తలుచుకుంటే ఇద్దరూ చదవగలరు. ఆ హెచ్చరికను మాస్టొడానే రాసేచోట చూపిస్తుంది, అది దాని నిజాయితీ. ఇందులోనే ఇంకో గుంట ఉంది. ఉదాహరణకు హాస్టల్లో ఉన్న అమ్మాయి స్నేహితురాలికి ప్రైవేటుగా వార్డెన్ మీద గోడు చెప్పుకుంటూ, అలవాటుకొద్దీ వార్డెన్ ఖాతా పేరును ముందు అట్ గుర్తు పెట్టి రాసిందనుకుందాం. ఆ సందేశం అదే క్షణాన వార్డెన్‌కు కూడా చేరిపోతుంది. ఎందుకంటే ఇక్కడ ప్రైవేటు అంటే "ఇందులో పేరు ఉన్నవాళ్లందరికీ" అనే అర్థం. ఫోనులో ఎవరి మీద చాడీ చెబుతున్నారో వాళ్లకే వినపడే ఏర్పాటును ఇన్నేళ్లుగా అలాగే ఉంచడం డిజైన్‌లో తప్పేనని నిర్మొహమాటంగా చెప్పాలి.

అడ్మిన్ దగ్గర ఇంకేముంటాయి? ఖాతాదారు ఈమెయిల్, ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారో చెప్పే ఐపీ చిరునామా. మాస్టొడాన్ సెట్టింగులు మార్చకుండా వదిలేస్తే ఐపీ చిరునామాలు ఏడాది దాకా ఉంటాయి. పూర్వం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు వచ్చే ఉత్తరాలు వార్డెన్ కేరాఫ్‌గా వచ్చేవి. కవరు ఆవిరిపట్టి విప్పాలా వద్దా అన్నది ఆమె మర్యాద మీద ఆధారపడి ఉండేది. సర్వర్ అడ్మిన్ పరిస్థితి అదే. మర్యాదస్థులు చాలామందే ఉన్నారు, జీతం లేకుండా రాత్రుళ్లు మేలుకుని సర్వర్లు కాపాడుతున్నారు, వాళ్లకు దండం పెట్టాలి. అయినా ఒక మనిషి మర్యాద మీద వేలమంది రహస్యాలు వేలాడకూడదు.

అలా వేలాడితే ఏమవుతుందో కొలెక్టివా అనే సర్వర్ చూసింది. ఉద్యమకారులు ఎక్కువగా వాడే మాస్టొడాన్ సర్వర్ అది. 2023 మే నెలలో అమెరికాలో ఎఫ్‌బీఐ దాని అడ్మిన్లలో ఒకరి ఇంట్లో సోదా చేసింది, సర్వర్‌తో సంబంధం లేని వేరే కేసులో. ఆ వేళకు ఏదో మరమ్మతు పనిమీద సర్వర్ డేటాబేస్ నకలు తాళం లేకుండా అతని దగ్గర ఉంది. మిగతా వస్తువులతో పాటు అదీ పోలీసుల చేతికి పోయింది. ఈమెయిళ్లు, ఐపీలు, ప్రైవేటు సందేశాలు అన్నీ అందులోనే. 1990లలోనూ ఇలాంటిదే జరిగింది. ఫిన్లాండ్‌లో యోహాన్ హెల్సింగియస్ అనే మనిషి యూజ్‌నెట్‌లో పేరు లేకుండా రాసుకోవాలనుకునేవాళ్ల కోసం ఒంటిచేత్తో ఒక సర్వీసు నడిపారు. చర్చ్ ఆఫ్ సైంటాలజీ ఫిర్యాదుతో పోలీసుల ఒత్తిడికి లొంగి 1995లో ఒకరి గుర్తింపు ఇవ్వాల్సి వచ్చింది. 1996లో ఆయన దాన్నే మూసేశారు.

ఇప్పుడు దీని పక్కన సిగ్నల్ అనే సందేశాల యాప్‌ను పెట్టి చూడాలి. సిగ్నల్ పూర్తిగా కేంద్రీకృతం, అన్ని సందేశాలూ ఒకే సంస్థ సర్వర్ల మీదుగా పోతాయి. 2016లో అమెరికాలోని వర్జీనియా గ్రాండ్ జ్యూరీ వాళ్ల నుంచి ఖాతాదారుల వివరాలు అడిగింది. వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. మిగతాది వాళ్ల దగ్గరే లేదు. వికేంద్రీకృతమైన కొలెక్టివా దగ్గర అన్నీ ఉన్నాయి, కేంద్రీకృతమైన సిగ్నల్ దగ్గర దాదాపు ఏమీ లేదు. యజమానులు ఎంతమంది అన్నది ఒక ప్రశ్న, యజమానికి ఏం కనపడుతుంది అన్నది మరో ప్రశ్న. ఈ రెండింటినీ కలగాపులగం చేసి "మాస్టొడాన్ వికేంద్రీకృతం కాబట్టి ప్రైవేటు" అని పిల్లలకు చెప్పేవాళ్లు వాళ్లకు అన్యాయం చేస్తున్నారు. రెండూ కలిసొచ్చే దారీ లేకపోలేదు. మాట్రిక్స్ అనే నెట్‌వర్కులో సర్వర్లు వేరువేరు, సందేశానికి తాళమూ ఉంది. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం వాడే చాప్ అనే యాప్‌ను దాని మీదే కట్టింది. అందులోనూ ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎప్పుడు మాట్లాడారో సర్వర్లకు కనిపిస్తూనే ఉంటుంది.

ఒక్కోసారి సొంత సర్వర్ అడ్మిన్ మంచివాడైనా, సొంత తాళం గట్టిదైనా చాలదు. 2025 మార్చిలో పిక్సెల్‌ఫెడ్‌లో ఒక లోపం బయటపడింది. మాస్టొడాన్‌లో ఒకరు ఖాతాకు తాళం వేసుకుని, తను ఒప్పుకున్న అనుచరులకే పోస్టులు కనపడేలా పెట్టుకున్నారనుకోండి. ఆ అనుచరుల్లో ఒకరు పిక్సెల్‌ఫెడ్ సర్వర్‌లో ఉంటే, అదే సర్వర్‌లోని మరెవరైనా "ఫాలో" నొక్కితే చాలు, అవతలివాళ్లు ఒప్పుకున్నారా లేదా అని చూడకుండా పిక్సెల్‌ఫెడ్ వాళ్లకూ ఆ పోస్టులు చూపించేసింది. మాస్టొడాన్ వాళ్ల వైపు పొరపాటు లేదు, ఖాతాదారు వైపూ లేదు. సరిచేసిన వెర్షన్ వెంటనే వచ్చింది గానీ, దాన్ని ప్రతి సర్వర్ అడ్మిన్ విడిగా ఎక్కించుకోవాలి.

తెలుగుకు సంబంధించి మరో చిక్కుంది, దీన్ని పడమటి దేశాల చర్చల్లో ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లిషులో మారుపేరుతో రాసే మనిషి కోట్లమంది గుంపులో కలిసిపోతాడు. ఫెడివర్స్‌లో తెలుగువాళ్లు బహు తక్కువ. ఎవరైనా మారుపేరుతో ఇక్కడి మాటలో నాలుగు రోజులు రాస్తే యాసను బట్టి జిల్లా తెలుస్తుంది, బస్సు లేటైందంటే రూటు తెలుస్తుంది, మాసబ్ చెరువు ఊసెత్తితే తుర్కయంజాల్ అని తేలిపోతుంది, పరీక్ష తేదీతో కాలేజీ కూడా దొరుకుతుంది. ఊరి వాళ్లే నడిపే చిన్న సర్వర్‌లో చేరితే, ఆ అడ్మిన్ ఏ కజిన్‌కో క్లాస్‌మేటే అయ్యుంటాడు. దూరపు కంపెనీకి హాస్టల్లోని అమ్మాయి ఒక అంకె. అడ్మిన్‌కు ఆమె ఫలానావాళ్లమ్మాయి. సరిత కేసులో జస్టిస్ చౌదరి చూసిన ప్రమాదం ఈ రూపంలో మళ్లీ ఎదురొస్తుంది.

ఎవరి పరికరం వారిదైనంత మాత్రాన చూపు చీలిపోదనడానికి దిల్‌సుఖ్‌నగర్‌లోనే సాక్ష్యముంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడి బస్టాపు దగ్గర జంట పేలుళ్లలో అమాయకులు చనిపోయారు. ఆ గాయం తర్వాత అదే ఏడాది ప్రజా భద్రతా చట్టం వచ్చింది. జనం గుమిగూడే దుకాణాలు, సంస్థలు సొంత ఖర్చుతో సీసీ కెమెరాలు పెట్టుకోవాలంది. తర్వాత "నేను సైతం" పేరుతో పోలీసులు కాలనీలను, అపార్ట్‌మెంట్లను కదిలించారు. కెమెరా కొన్నది కిరాణా కొట్టాయన, కరెంటు బిల్లు కట్టేది కాలనీ సంఘం, చూపు చేరేది మాత్రం పోలీసు తెర మీదికి. ఆనాటి దుఃఖంలో ఆ కోరిక న్యాయమైనదే. అయినా కెమెరాలు వేలమంది చేతుల్లో ఉన్నా చూపు ఒక్కచోటికి చేరగలదని ఈ రోడ్డు మీద నడిచే ప్రతివారికీ ఎరుకే. ఇక 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తెరిపించి వాట్సాప్ చాట్లలో గంజాయి అన్న మాట వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. చేతిలో ఫోను తెరిచి ఇచ్చేశాక అది ఏ సర్వర్‌దైనా ఒకటే.

చట్టం ఏమంటోంది? డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు మరో 18 నెలల గడువిచ్చారు. సొంత ఇంటి పనికి వాడుకునే డేటాను చట్టం వదిలేసింది. కానీ తుర్కయంజాల్ కుర్రాడొకడు 300 మంది క్లాస్‌మేట్లకు సర్వర్ నడిపితే అది ఇంటి పని అనిపించుకోవడం కష్టం. అప్పుడు పెద్ద కంపెనీల మీదున్న ప్రాథమిక బాధ్యతలే అతని మీదా పడతాయి: అనుమతి తీసుకోవడం, అడిగితే చెరిపేయడం, డేటా పోతే చెప్పడం. భద్రత సరిగా లేక డేటా పోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అడ్మిన్ చెరిపినా మిగతా 40 సర్వర్ల కాపీలకు ఎవరు జవాబు చెప్పాలో చట్టంలో స్పష్టత లేదు. పైగా 18 ఏళ్లలోపు వాళ్లయితే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలి. ఇంటర్ చదివే 16, 17 ఏళ్ల పిల్లలు ఈ రోడ్డులో చాలామందే ఉన్నారు. దూరపు కంపెనీల నుంచి పిల్లల్ని కాపాడాలని రాసిన ఆ నిబంధన, ఇంట్లో చెప్పుకోలేని బాధ ఉన్న పిల్లను మాత్రం అదే ఇంటి గుమ్మం దగ్గర ఆపేస్తుంది. ఇదే చట్టం కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మాత్రం మినహాయింపులు ధారాళంగా ఇచ్చింది.

వీటన్నిటి వల్ల వికేంద్రీకరణ వద్దని తీర్మానించడం తొందరపాటు. యజమాని ఒక్కడే అయితే ఏమవుతుందో కూ యాప్ చెప్పింది. తెలుగు సహా భారతీయ భాషల్లో రాసుకోవచ్చంటూ 2020లో బెంగళూరు నుంచి వచ్చిన ఆ వేదిక, 2024 జులైలో కొనేవాళ్లు దొరక్క మూతపడింది. అక్కడ కట్టుకున్న పరిచయాలన్నీ వేదికతో పాటే పోయాయి. కావలసింది అడ్మిన్ ఒంటరి మనిషిగా కాకుండా, సభ్యులకు జవాబుదారీగా ఉండే పద్ధతి. ఈ విషయంలో తెలంగాణకు అనుభవం తక్కువేమీ లేదు. ముల్కనూరు సహకార సంఘం 1956 నుంచి సభ్యుల లెక్కలు సభ్యుల ముందే పెడుతూ నడుస్తోంది. మాస్టొడాన్‌లోనూ సోషల్.కోఆప్ అనే సర్వర్‌ను సభ్యులే చందా కట్టి, ఓట్లేసి నడుపుకుంటున్నారు. మన దేశంలో ప్రవ్ అనే సందేశాల సర్వీసు సహకార సంఘంగా నిలబడాలన్న ఉద్దేశంతో మొదలైంది. హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ సంస్థ ఎన్నో ఏళ్లుగా ఇంజనీరింగ్ విద్యార్థులకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ నేర్పుతోంది. సర్వర్ నిలబెట్టగల చేతులు ఈ ఊళ్లో ఉన్నాయి.

అలాంటి సర్వర్‌ను ఇబ్రహీంపట్నం దారిలోని ఏ కాలేజీ పిల్లలో పెట్టుకుంటే మొదటి రోజే కాగితం మీద రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఐపీ చిరునామాలను ఏడాది కాదు, వారంలో చెరిపేయాలి. డేటాబేస్ నకలు ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ తాళం లేకుండా ఉండకూడదు. అడ్మిన్లు ఇద్దరైనా ఉండాలి, వాళ్లలో ఒకరైనా అమ్మాయి కావాలి, కనీసం ఒకరు కాలేజీకి సంబంధం లేనివారు కావాలి. ఎవరి డేటా ఎవరు, ఎందుకు తెరిచారో రాసే పుస్తకం సభ్యులకు కనపడాలి. పోలీసులు, ప్రిన్సిపాల్, తల్లిదండ్రులు అడిగితే ఏ కాగితం చూపిస్తే ఏం ఇస్తారో ముందే చెప్పాలి. నడిపేవాళ్లు పాసై వెళ్లిపోతే మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి, సభ్యులు తమ డేటా దింపుకున్నాక డిస్కు చెరిపేయాలి.

సందేశానికి తాళం వేసే పని కూడా ముందుకు కదులుతోంది. గుంపులో మాట్లాడుకునే సందేశాలకు ఈ చివర నుంచి ఆ చివర దాకా తాళం వేసే ఎంఎల్ఎస్ పద్ధతిని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2023 జులైలో ప్రమాణంగా ప్రకటించింది. దాన్ని యాక్టివిటీపబ్‌కు జోడించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అది మాస్టొడాన్‌లో మామూలు సదుపాయమయ్యేదాకా సాగర్ రోడ్డు పిల్లలు అక్కడ బహిరంగ చర్చలు చేసుకోవచ్చు, కవిత్వం రాసుకోవచ్చు, ఫోన్ నంబరు ఇవ్వకుండా స్నేహాలు చేసుకోవచ్చు. ఇంట్లో తెలియకూడని మాటను మాత్రం సిగ్నల్‌లో, మాయమయ్యే సందేశాల గడియారం పెట్టి, ఫోనుకు వేలిముద్ర తీసేసి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టుకుని చెప్పుకోవాలి.